గోడ మీద మెట్లు

నవంబరు 4, సోమవారం

ఎండ. నా పిండి మిల్లు పొద్దున కాసేపే ఆడింది. ఊళ్ళో మొక్కజొన్న అడుగంటుతోంది. పిల్లలు మామిడికాయలు తిని తిరుగుతున్నారు.

మధ్యాహ్నం బడి కమిటీ. కపిందు హెడ్మాస్టరు మమ్మల్ని తన గది బయట గోడ దగ్గర నిలబెట్టి దాని మీద గీసిన మెట్లు చూపించారు. ఎనిమిదో తరగతి పరీక్ష రాసినవాళ్ళలో నూటికి ఎంతమంది పాసయితే ఆ ఏడాది మెట్టు అంత ఎత్తు. నీలం రంగు. మొదటిది నా మోకాలి దాకా వస్తుంది. నిరుటిది భుజం దాటింది. మధ్యలో ఒక్కటీ కిందికి దిగలేదు. ఈ ఏడు కూడా పెరిగితే రెండు గదులు కట్టిస్తామని జిల్లా నుంచి మాట వచ్చింది. ఇటుక గోడలు, రేకుల కప్పు.

గదులు అనగానే అందరి తలలూ రెండో తరగతి వైపు తిరిగాయి. నిరుడు వానల్లో పడిన గోడ మట్టి అక్కడే కుప్పగా ఉంది. దాని మీద గడ్డి మొలిచింది. చిన్నపిల్ల ఫానెస్ పాదం ఆ గోడ కింద పడి నలిగింది అక్కడే.

తరవాత హెడ్మాస్టరు ఈ ఏడు పరీక్షకు పంపకుండా ఆపేవాళ్ళ పేర్లు చదివారు. రాస్తే తప్పేవాళ్ళు. రాయనివాళ్ళు లెక్కలోకి రారు.

"పచ్చికాయ కోస్తే ఎవరికి లాభమండీ? ఇంకో ఏడాది మగ్గనిద్దాం" అన్నారు. ఏటా అనే మాటే. ఏటా నవ్వినట్టే అందరూ నవ్వారు.

ఎనిఫా పేరు కూడా చదివారు. కొందరు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

అందరూ వెళ్ళాక హెడ్మాస్టరు నన్ను పక్కకు పిలిచారు. "చైర్మన్ గారూ, మీ మేనకోడలి సంగతి వేరు. ఒక్క పేరేగా. నేను చూసుకుంటాను."

"వద్దండీ. రూలు అందరికీ ఒకటే."

ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపారు. "బడి గుమ్మం తొక్కకుండా బస్తాల మీద అక్షరాలు చూసి చదువు నేర్చిన మనిషి మీరు. చదువంటే ఏమిటో మీకు తెలిసినంత మాకు తెలియదు" అన్నారు.

ఎనిఫా నిరుడు కూడా ఆగింది. ఇంకొక్క ఏడాది. ఏముంది.

నవంబరు 5, మంగళవారం

చెల్లెలు దోరికాకు చెప్పాను. పొలంలో బోదెలు తీస్తోంది. పార ఆపలేదు.

"కమిటీ మొత్తం అనుకున్నది" అన్నాను.

"కమిటీకి పెద్ద ఎవరు?"

"నేనే. అందుకే మనవాళ్ళని వెనకేసుకు రాకూడదు."

"బడికి కాపలా కుక్కవి నువ్వు అన్నా. దొంగలను వదిలేసి ఇంట్లో పిల్లను కరిచావు."

"చెల్లీ, ఒక్క ఏడాది."

"మూడులో ఒక ఏడాది. అయిదులో ఒక ఏడాది. నిరుడు ఒకటి. మగ్గబెట్టి మగ్గబెట్టి కుళ్ళబెడతారు మీరు. దాని నాన్న సరిహద్దు దాటి పోయాడు. ఉన్నా ఆయన్ని అడిగేవాళ్ళు లేరు. చదువుకైనా పెళ్ళికైనా మేనమామవి, నువ్వే పెద్ద. నీ చెయ్యి దాటి అది ఎక్కడికీ పోలేదు."

"గట్టిగా అనకు. వింటుంది."

"వినకేం? చెవులు బాగానే ఉన్నాయి దానికి. లెక్కలే రావు."

గట్టు అవతల విత్తనం ఏరుతున్న ఎనిఫా పకపకా నవ్వింది. అంత బాధపడలేదనుకుంటాను.

నవంబరు 22, శుక్రవారం

పేర్లు జిల్లాకు వెళ్ళాయి. సంతకం పెట్టాను. మబ్బు పట్టింది. కురవలేదు.

డిసెంబరు 11, బుధవారం

వానలు పట్టాయి. విత్తడం అయింది.

మధ్యాహ్నం ఎనిఫా చెల్లెలు లోనియా మిల్లుకు అన్నం తెచ్చింది. మొక్కజొన్న పిండి న్సిమా ముద్ద చిన్నది. గుమ్మడాకు కూర మాత్రం ఎక్కువ పెట్టింది దోరికా. కోపం కొంచెం తగ్గినట్టుంది.

లోనియా ఏడులో ఉంది. నోరు ఊరుకోదు. ఆపినవాళ్ళందరినీ వెనక గోడ పక్కన వరసగా కూర్చోబెడతారట. మిగతా పిల్లలు వాళ్ళకు గడ్డిలో కాయలు అని పేరు పెట్టారట.

"మీ అక్కనీ అంటారా?"

"అక్కనెవరూ అనరు మామా."

"ఏం?"

"కొడుతుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఎనిఫాకు ధైర్యం ఎక్కువ. ఒక ఏడాది దాన్నేం చేస్తుంది.

జనవరి 16, గురువారం

మిల్లు మూసి ఉంది. ఆడించడానికి ఎవరి దగ్గరా గింజ లేదు.

నిన్నటి గాలివానకు, గోడ పడ్డాక రెండో తరగతికి వేసిన గడ్డి పాక కూలింది. బడి విడిచాక కూలింది కాబట్టి సరిపోయింది. పొద్దున నేను వెళ్ళేసరికి పిల్లలంతా మామిడిచెట్టు కింద తడి నేల మీద కూర్చుని ఉన్నారు. టీచరు లేడు, మలేరియా. ఎనిఫా పాఠం చెబుతోంది.

కాస్త దూరంగా నిలబడి చూశాను. సీసా మూతలు తెచ్చింది. ఒక్కొక్కరి ముందు కుప్ప పోసి, కొన్ని తీసుకొని ఎన్ని మిగిలాయో చూడకుండా చెప్పమంటోంది. తప్పు చెప్పినవాడి మూతలు లాక్కుని కాకిలా అరుస్తుంది. వాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. ఫానెస్ కుంటుకుంటూ వచ్చి తన మూతలు పిడికిట్లో దాచుకుంది.

హెడ్మాస్టరు నా పక్కకు వచ్చారు. "చూశారా చైర్మన్ గారూ? ఆపినవాళ్ళని ఊరికే కూర్చోబెట్టడం లేదు. చిన్న క్లాసులకు వీళ్ళే దిక్కు."

"మరి దాని పాఠాలు?"

"అది పరీక్ష రాయడం లేదు కదా."

నిజమే. ఆపడం వల్ల ఇక్కడ ఒక మంచి జరిగింది. రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 27, సోమవారం

వాన. మిల్లు మూసి ఉంది. మామిళ్ళు కూడా అయిపోయాయి.

ఫిబ్రవరి 12, బుధవారం

పరీక్ష రాసేవాళ్ళకు సాయంత్రం వేరే క్లాసులు పెట్టారు. దారిన పోతూ కిటికీలోంచి చూశాను. ముందు బెంచీ మీద ఊరి పెద్ద మనవడు గెరాల్డ్. నవంబరులో హెడ్మాస్టరు చదివినప్పుడు ఆ పేరు విన్నాను. ఎనిఫా పేరుకు ముందు చదివారు.

క్లాసు అయ్యేదాకా ఆగి అడిగాను.

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. జీతం ఆలస్యమైన నెల కూడా బడి మానరు.

"ఊరి పెద్ద వచ్చి కూర్చుంటే ఏం చెయ్యమంటారు? గదులకు స్థలం ఇవ్వాల్సింది ఆయనే. అయినా చైర్మన్ గారూ, ఆ రోజు మిమ్మల్నీ అడిగాను కదా."

నిజమే. అడిగారు.

మార్చి 19, బుధవారం

లేత కండెలు వస్తున్నాయి. ఇంకొన్ని వారాలు గడిస్తే ఊరు తెరిపిన పడుతుంది.

ఎనిమిదో తరగతికి చెప్పే ఎథెల్ టీచరు మిల్లుకు వచ్చింది. చేతిలో చిన్న గిన్నెడు గింజలు. ఆ కాస్తకు ఇంజను పెట్టడం దండగ, రోట్లో దంచుకోవచ్చు. పిండి కోసం రాలేదని అప్పుడే అర్థమైంది.

"చైర్మన్ గారూ, ఒక మాట. మొన్న నిరుటి ప్రశ్నపత్రాలు పెట్టి పరీక్ష జరిపాను. వెనక వరసకూ ఇచ్చాను. హెడ్మాస్టరు గారు వద్దన్నారు. అయినా ఇచ్చాను."

నేను తొట్టిలో గింజలు పోస్తున్నాను.

"ఎనిఫా దాటింది" అంది. "ఎక్కువతో కాదు. కానీ అన్నింట్లో దాటింది. లెక్కల్లో కూడా. ఆ చిన్నపిల్లలకు చెప్పీ చెప్పీ దానికే వచ్చేసినట్టుంది."

"ఇప్పుడు పేరు పంపితే?"

"నవంబరుతో ఆఖరు కదండీ. మీకు తెలుసు."

"జిల్లాకు వెళ్ళి అడిగితే?"

"ఏమని అడుగుతారు? తప్పుతుందని మేమే ఆపాం, ఇప్పుడు తప్పదట అనా?"

ఆమె పిండి మూట కట్టుకుని వెళ్ళింది. తరవాత మిల్లు బెల్టు తెగింది. కొత్తది వేశాను. పని ఎక్కువై ఎటూ వెళ్ళలేదు.

మార్చి 20, గురువారం

నిన్న బెల్టు గురించి రాసింది తప్పు. తెగలేదు. నేనే విప్పి మళ్ళీ బిగించాను.

ఎనిఫాకు చెప్పలేదు. చెబితే మనసు కష్టపెట్టుకుంటుంది.

మార్చి 28, శుక్రవారం

చెప్పలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

కోతలు మొదలయ్యాయి. మిల్లు పొద్దున్నుంచి ఆగలేదు. కొత్త పిండి వాసనకు ఆడవాళ్ళ గొంతులు కూడా మారిపోయాయి. వరసలో నిలబడి ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటున్నారు.

మిల్లు ఎదుట సైకిల్ టాక్సీ కుర్రాళ్ళు బేరాల కోసం కాచుకుని ఉంటారు. వైసన్ అనే అతను మూటలు కట్టడంలో నేర్పరి. వెనక సీటుకు ఎర్ర దిండు కుట్టించాడు. ఇవాళ దోరికా మూట ఊరికే తీసుకెళ్ళాడు.

ఎనిఫా బడికి రావడం లేదని హెడ్మాస్టరు కబురు పంపారు. చిన్న క్లాసు ఖాళీగా ఉందట. కోతలు కదా, వెళ్తుందిలే అన్నాను.

మే 7, బుధవారం

పరీక్ష మొదలైంది. పొద్దున పోలీసు జీపులో ప్రశ్నపత్రాలు వచ్చాయి. రాసేవాళ్ళు ఇస్త్రీ బట్టలతో మిల్లు ముందు నుంచే వెళ్ళారు. తల్లులు వెనకాలే పాడుకుంటూ వెళ్ళారు.

ఎనిఫా బకెట్టుతో వరసలో ఉంది. అందరిలాగే తల తిప్పి చూసింది.

"ఇవాళ ఇంగ్లీషు" అంది. ఎవరితోనూ కాదు.

దాని వంతు వచ్చింది. తొట్టిలో పోస్తూ, "సన్నగా వెయ్యి మామా" అంది.

"మీ అమ్మ బరకే అడుగుతుందిగా?"

"ఇది మా ఇంటికి కాదు. వైసన్ వాళ్ళమ్మకి. ఆమెకు పళ్ళు లేవు."

వెనక ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఇంజను చప్పుడు ఉండబట్టి సరిపోయింది. సన్నగా వేశాను.

మే 8, గురువారం

లెక్కల పరీక్ష. మే కదా, చలి మొదలైంది.

జూన్ 15, ఆదివారం

ప్రార్థన అయ్యాక వైసన్ మేనమామ ఇంటికి వచ్చాడు. లావుపాటి మనిషి, మాటకారి. మనలో పెళ్ళి మాట మామలు కూర్చుంటేనే మాట. చాప వేశాను.

"మావాడికి తొక్కడం తప్ప ఇంకో విద్య రాదు బావా" అన్నాడు. "కానీ ఒకటి చెప్పుకోవాలి. ఎంత ఎత్తు వచ్చినా దిగి నడిపించడు."

"పిల్ల చదువుకుంటోంది" అన్నాను.

"ఎక్కడ?" అన్నాడు. ఎగతాళిగా కాదు. నిజంగా తెలియకే అడిగాడు.

దోరికా లోపల గిన్నెలు సర్దుతోంది. ఆ చప్పుడు ఆగింది. ఎనిఫాకు పద్దెనిమిది నిండాయి కాబట్టి తనకు అభ్యంతరం లేదని ఊరి పెద్ద కూడా చెప్పాడట.

అమ్మాయితో మాట్లాడి చెబుతానన్నాను.

జూన్ 16, సోమవారం

ఎనిఫాను మిల్లు వెనక్కి పిలిచాను. డీజిల్ పీపా మీద కూర్చుంది. నేను నిలబడ్డాను. మామగా అడగాల్సినవి అడిగాను. ఎవరైనా బలవంతం పెట్టారా? లేదు. ఇష్టమేనా? ఇష్టమే. మంచివాడేనా? మంచివాడే, తాగడు.

"నీకు వద్దనిపిస్తే నాతో చెప్పు. ఇంకొక్క ఏడాది..."

"ఆ మాట ఇంకోసారి అనకు మామా."

మెల్లగానే అంది.

"బడికి మళ్ళీ వెళ్తే ఈసారి తప్పకుండా రాయిస్తాను. నేను చైర్మన్ని."

"అప్పుడు కూడా నువ్వే చైర్మన్‌వి."

అది కాలితో నేల మీద గీతలు గీస్తోంది.

"ఎథెల్ టీచరు నాకూ చెప్పింది" అంది. "నీ దగ్గరికి వచ్చే ముందు రోజే చెప్పింది. నువ్వొచ్చి చెబుతావని చూశాను. వారం చూశాను. తరవాత కోతలొచ్చాయి."

"చెబితే బాధపడతావని..."

"ఎందుకు బాధపడతాను? పాసయ్యానని చెబితే ఎవరైనా బాధపడతారా?"

పీపా దిగి, లంగా దులుపుకుని, వరసలో తన బకెట్టు దగ్గరికి వెళ్ళింది.

సాయంత్రం వైసన్ మేనమామకు సరేనని కబురు పంపాను.

జూలై 12, శనివారం

ఫలితాలు వచ్చాయి. రాసినవాళ్ళంతా పాసయ్యారు. ఒక్కరూ తప్పలేదు. మన బడి పుట్టాక ఇదే మొదలు. గెరాల్డ్ కూడా పాసయ్యాడు. బొటాబొటిగా.

ఊరంతా బళ్ళోనే ఉంది. ఊరి పెద్ద నన్ను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. హెడ్మాస్టరు నిచ్చెన వేసి తానే మెట్టు గీశారు. అది చూరు తాకింది. రంగు కారి గడ్డి కొసలు కూడా నీలమయ్యాయి. ఆడవాళ్ళు నాలుకతో ఈల వేశారు. హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకున్నారు. నా పేరు చెప్పి, ఇంటిపిల్లను కూడా వెనకేసుకు రాని మనిషి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆపినవాళ్ళ తల్లులు కూడా కొట్టారు. దోరికా రాలేదు.

రెండు గదులు. రేకుల కప్పు. ఫానెస్‌కు నేనే చెప్పాను. "పచ్చ రేకులా, తెల్లవా?" అని అడిగింది.

జూలై 19, శనివారం

ఎనిఫా పెళ్ళి మాట పూర్తయింది. మామలం ఇద్దరం కోళ్ళు మార్చుకున్నాం. వాళ్ళు ఎర్ర పెట్టను తెచ్చారు. మేం పుంజు ఇచ్చాం. ఈ పిల్లకు ఏం జరిగినా అడిగేవాణ్ణి నేనని అందరి ముందూ చెప్పాలి. చెప్పాను. గొంతు బాగానే పలికింది.

వైసన్ సైకిలుకు కాగితం పూలు కట్టాడు. ఎర్ర దిండు మీద ఎనిఫా పక్కకు తిరిగి కూర్చుంది. చిన్న క్లాసు పిల్లలు కాకుల్లా అరుస్తూ సైకిలు వెంట పరిగెత్తారు. ఫానెస్ వాగు దాకా పోలేక మధ్యలో ఆగిపోయింది.

ఎర్ర పెట్టను మిల్లు దగ్గర కట్టాను. దాన్ని మామ కోసి, తన వాళ్ళకు పెట్టి, తాను తినాలి. అప్పుడే మాట ముగిసినట్టు. రేపు కోస్తాను.

ఆగస్టు 3, ఆదివారం

కోడి గుడ్డు పెట్టింది. పెట్టే కోడిని ఎవరు కోస్తారు?

దోరికా వచ్చి చూసింది. "పిల్ల కాపురానికి వెళ్ళి ఇల్లు అలికి మనకు పిండి కూడా పంపింది. నువ్వింకా కోడినెన్నాళ్ళు మగ్గబెడతావు అన్నా?"

తనే కత్తి తెచ్చింది. లోనియా ఈకలు పీకింది. నేను తిన్నాను. ఉప్పు సరిపోయింది.

సెప్టెంబరు 17, బుధవారం

బడి తెరిచారు. లోనియా ఎనిమిదిలోకి వచ్చింది.

ఇవాళ జిల్లా నుంచి సలహాదారు మ్సోసా మేడమ్ మోటారుసైకిల్ మీద వచ్చారు. గదులకు కొలతలు వేయడానికి అనుకుని ఊరి పెద్ద తాడు, గూటాలు కూడా తెప్పించాడు. ఆమె ముందు గోడ మీది మెట్లు చూసి చాలాసేపు మెచ్చుకున్నారు. తరవాత హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"గదులు ఏరు అవతలి బడికి ఇచ్చారు. అక్కడ ఈ ఏడు సగం మంది తప్పారు" అన్నారు.

ఎవరికీ ముందు అర్థం కాలేదు.

"తప్పినవాళ్ళకా?" అన్నాడు ఊరి పెద్ద.

"అవసరం వాళ్ళకే ఎక్కువని పైన అనుకున్నారండీ. మీరు చెట్టు కింద కూర్చోబెట్టి కూడా అందరినీ పాస్ చేయించారు. మీకు గదులు లేకపోయినా నడుస్తోంది."

"పెరిగితే ఇస్తామన్నారు కదమ్మా."

"నేనూ అదే చెప్పాను. నేను చెప్పేదాన్నే, ఇచ్చేదాన్ని కాదు."

ఆమె ముఖంలో కూడా అలసట ఉంది. దారి పొడుగునా ఎన్ని బళ్ళలో ఏమేం చెప్పుకుంటూ వచ్చారో. లేచే ముందు హెడ్మాస్టరుతో అన్నారు. ఇకనుంచి పాసయినవాళ్ళని కాదు, పెద్ద బళ్ళకు ఎంపికైనవాళ్ళని లెక్క వేస్తారట. ఆ లెక్కలో పెరుగుదల చూపిస్తే వచ్చే ఏడు మన పేరే ముందు ఉంటుందట.

గూటాలు అక్కడే వదిలేశారు. సాయంత్రానికి ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు.

సెప్టెంబరు 30, మంగళవారం

హెడ్మాస్టరు గోడకు సున్నం వేయించారు. మెట్లన్నీ పోయాయి. కొత్త లెక్కకు కొత్త మెట్లట. కింద నుంచి మొదలు.

ఒక పూత చాలలేదు. నీలం లోపలినుంచి కనిపిస్తూనే ఉంది.

అక్టోబరు 14, మంగళవారం

కమిటీ. ఈసారి తల్లులు కూడా చాలామంది వచ్చారు.

ఎంపిక కావాలంటే పాసయితే చాలదు, మంచి మార్కులు రావాలి. అందుకని ఈ ఏడు ఇంకొంత మందిని ఆపాలని హెడ్మాస్టరు అన్నారు. పేర్లు చదివారు. నిరుటి కంటే ఎక్కువసేపు చదివారు. లోనియా పేరు వచ్చింది. లోనియా ఎప్పుడూ ఏ తరగతిలోనూ ఆగలేదు.

నేను లేచాను. రాసుకుని వెళ్ళలేదు. "ఈసారి ఎవరినీ ఆపవద్దు. అందరినీ రాయనిద్దాం. తప్పేవాళ్ళు తప్పుతారు" అన్నాను.

ఫానెస్ తల్లి లేచింది.

"బాగుంది చైర్మన్ గారూ! మీ పిల్ల పెళ్ళి అయిపోయింది, ఇంకో పిల్ల వంతు రాగానే రూలు చేదైందా?"

"లోనియా కోసం కాదమ్మా."

"నిరుడు మా తమ్ముడి కొడుకుని ఆపారు. రూలు అందరికీ ఒకటే అన్నది ఎవరు? మీరు కాదూ? వాడిప్పుడు నగరంలో ఇటుకలు మోస్తున్నాడు. అప్పుడు మేం నోరెత్తామా? గదుల కోసం ఊరుకున్నాం."

"గదులు రాలేదు కదమ్మా."

"అందుకే! ఇంతమందిని ఆపి, ఇప్పుడు దిగిపోతే అదంతా దేనికి ఆపినట్టు? నా పిల్ల కాలు చూసి మాట్లాడండి. మళ్ళీ వానలొస్తున్నాయి."

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. సొంతవాళ్ళని వెనకేసుకొస్తున్నానని ఒకరు. ముసలితనమని ఒకరు. ఎథెల్ టీచరు నా వైపు చూసి తల దించుకుంది. నిరుడు ఆ పత్రాలు ఇచ్చినందుకు ఆమెకు దూరపు బడికి బదిలీ వచ్చిందని తరవాత తెలిసింది.

ఆపాలనేవాళ్ళని చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి. నేను ఎత్తలేదు. రెండు వైపులా సమానమైతే తప్ప చైర్మన్ చెయ్యి లెక్కలోకి రాదని హెడ్మాస్టరు మర్యాదగా గుర్తుచేశారు.

సంతకం మాత్రం చైర్మన్‌దే కావాలి.

అక్టోబరు 15, బుధవారం

ఎండ. మిల్లు పొద్దున ఆడింది.

ఎనిఫా వరసలో ఉంది. ఇప్పుడు నడుము పట్టుకుని నిలబడుతోంది, కడుపుతో ఉంది. లోనియా సంగతి దానికి ముందే తెలిసినట్టుంది. అడగలేదు. పిండి సన్నగా వేశాను. తలకెత్తుకునేటప్పుడు సాయం పట్టబోతే, "నేను ఎత్తుకుంటాలే మామా" అంది.

మధ్యాహ్నం లోనియా అన్నం తెచ్చింది. ఎండు ఉసిపా చేపల పులుసు. బళ్ళో ఇవాళ వెనక గోడ పక్కకు మార్చారట. కాగితం మీద నా సంతకం చూసిందట. ల అక్షరానికి నేను పెట్టే పెద్ద కొక్కెం చూసి గుర్తుపట్టానంది.

ముద్ద గిన్నెలో పెట్టేశాను. లోనియా నా ఎదుట గొంతుక్కూర్చుని నా ముఖంలోకి చూసింది. చెయ్యి చాపి నా మోకాలి మీద పిండి దులిపింది.

"ఒక్క ఏడాదే కదా మామా" అంది. "ఏముంది."

మధ్యాహ్నం తరవాత కూడా మిల్లు ఆడింది.